కాంటా బాట్లు, అయస్కాంత సూది

ఇంటర్ రెండో సంవత్సరం నాటి నా డైరీలో ఫిబ్రవరి నెలంతా ఒకటే గొడవ. పెన్ను ఎంత గట్టిగా ఒత్తి రాశానంటే, ఒక పేజీలో రాసింది వెనక పేజీ మీద వేలితో తడిమినా తెలుస్తుంది. "సూది తప్పు చూపిస్తోంది. చెప్పాలి. రేపు చెప్పాలి." మర్నాడు మళ్లీ అదే. "ఇవాళా చెప్పలేదు." నోటితో అనలేనివన్నీ ఆ డైరీకే చెప్పేదాన్ని. అది వినేది, కానీ దానివల్ల ఏమీ కదిలేది కాదు.

రెండో సంవత్సరం ఫిజిక్స్ పుస్తకమంటే నాకు చాలా ఇష్టం. అప్పట్లో ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే మా బెంచీ బెంచీ అంతా నవ్వేది. గ్రంథాలయం నుంచి నవలలు తెచ్చుకుని లెక్కల పుస్తకం కింద దాచి చదివినట్టే, ఆ పుస్తకాన్నీ సార్ చెప్పకముందే చదివేసేదాన్ని. తరంగాలతో మొదలై, కాంతి మీదుగా అయస్కాంతాల దగ్గరికి, అక్కడి నుంచి కరెంటుకి, చివరకి పరమాణువు లోపలికి తీసుకెళ్తుంది ఆ పుస్తకం. నేను ఆగిపోయింది మాత్రం అయస్కాంతాల పాఠం దగ్గర. భూమే ఒక పెద్ద అయస్కాంతమట. కనిపించని ఆ బలం పెర్కిట్‌లో మా ఇంటి వాకిట్లో కూడా ఉందట. ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే అమ్మ కోప్పడి తలకింది మెత్త తీసి రెండో వైపు పడేసేది. ఆ ఉత్తరానికే, ఎవరూ చెప్పకుండా, ఒక చిన్న సూది తిరిగి నిలబడుతుందట. అది నా కళ్లతో చూడాలనిపించింది. నేను కొలిచిన అంకెలు నా రికార్డులో ఉండాలనిపించింది. ఆ ఏడాది నాకున్న కోరికల్లో బయటికి చెప్పుకోదగ్గది అదొక్కటే. అది కూడా చెప్పలేదు.

మా కాలేజీ ఆర్మూర్‌లో ఒక రెండంతస్తుల బిల్డింగులో నడిచేది. క్లాసులు పైన. కింద ఒక పొడవాటి గది, దానికి రోడ్డు వైపు ఇనుప షటర్. బిల్డింగు యజమాని పసుపు వ్యాపారి. ఆ గది ఆయన గోదాం. ఏడాదిలో ఎక్కువ భాగం ఖాళీగా ఉండేది కాబట్టి అందులో మూడు బల్లలు వేసి కాలేజీ వాళ్లు దాన్ని ఫిజిక్స్ ల్యాబ్ అనేవాళ్లు. జూన్ నుంచి జనవరి దాకా దాని తాళం తీసింది నేను చూడలేదు. ప్రాక్టికల్ పరీక్షలు ఫిబ్రవరిలో. కొత్త పసుపు దిగడం మొదలయ్యేదీ అప్పుడే. దాంతో మాకు ల్యాబ్ తెరిచిన వారమే ఆయనకి గోదాం కావలసి వచ్చేది. గదిలో సగం గోనె సంచులు, సగం మేము. తుమ్ముకుంటూ ప్రయోగాలు చేసేవాళ్లం. తెల్ల చున్నీ వేసుకొచ్చిన వాళ్లు పసుపు చున్నీతో ఇంటికి వెళ్లేవాళ్లు.

చేసేవాళ్లం అన్నాను కానీ, చేయడం అంటూ ఏమీ లేదు. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. సీనియర్లలో ఎవరిదో ఒక రికార్డు, అన్ని పేజీల్లో ఎర్ర టిక్కులతో, ఏడాదికొకరి చేతిలోకి మారుతూ వచ్చేది. దాన్ని తల్లి రికార్డు అనేవాళ్లం. ప్రయోగం చేయకముందే అందులోంచి రీడింగులు, లెక్క, జవాబు ఎత్తి రాసుకోవాలి. కొంచెం తెలివైన వాళ్లు జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కగట్టి, రీడింగులను అటూ ఇటూ అర డిగ్రీ మార్చి రాసేవాళ్లు. నా పక్కన కూర్చునే అమ్మాయి ఈ పనిలో దిట్ట. మోర్తాడ్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీలు చుట్టేది, ఈమె కూడా చుట్టేది. వేళ్లు ఎంత చురుకంటే, ఒక్క మధ్యాహ్నంలో రెండు రికార్డులు పూర్తి చేసేది.

ఒకరోజు ఆమె పటం గీస్తూ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏమే, గీ గుండ్రంది దేని పేరే? పేరు రాయలేదు గీ అక్క."

తల్లి రికార్డులో మాగ్నెటోమీటర్ పటం పక్కన ఒక గోధుమ రంగు వలయం ఉంది.

"అది చాయ గ్లాసు మరకే."

"అయ్యో, నేను స్కేలు, కంపాస్ పెట్టి గీసిన!"

"చెరిపెయ్యి."

"ఎందుకు చెరుపుడు? బొమ్మ నిండుగున్నది." అలాగే ఉంచింది. సార్ దాని పక్కనే ఎర్ర టిక్కు పెట్టి సంతకం చేశారు. ఆమె నవ్వు ఆపుకోలేక బల్ల కింద దూరింది. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ రాత్రి డైరీలో నవ్వు రాయలేదు. "మరకకి కూడా సంతకం" అని మాత్రం రాశాను.

మాగ్నెటోమీటర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. మధ్యలో గాజు మూత ఉన్న గుండ్రటి డబ్బా, అందులో సూది. డబ్బాకి అటొకటి ఇటొకటి చెక్క చేతులు, వాటి మీద స్కేలు. ఒక చేతి మీద దండాయస్కాంతాన్ని పెడితే సూది ఉత్తరం నుంచి ఎంతో కొంత పక్కకు తిరుగుతుంది. సూదికి రెండు కొనలు కాబట్టి రెండు రీడింగులు. అయస్కాంతాన్ని తిప్పి పెడితే ఇంకో రెండు. రెండో చేతి మీద పెడితే మళ్లీ నాలుగు. మొత్తం ఎనిమిది. అన్నీ దాదాపు ఒకటే రావాలి. తల్లి రికార్డులో ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై ఏడు, అలా ముచ్చటగా ఉన్నాయి.

నా వంతు వచ్చిన రోజు నేను నిజంగా కొలిచాను. ఒక చేతి వైపు నలభై నాలుగు, నలభై అయిదు, నలభై మూడు, నలభై నాలుగు వచ్చాయి. రెండో వైపు ఇరవై తొమ్మిది, ముప్పై, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. తప్పు చేశాననుకుని మళ్లీ కొలిచాను. అవే. ఊపిరి బిగబట్టి మూడోసారి చూశాను. అవే. వెనక వరసలో అమ్మాయిలు "ఇంకెంతసేపే, ఇల్లు గిట్ల కడ్తున్నవా?" అంటున్నారు. వచ్చిన అంకెలే రికార్డులో రాసి సార్‌కి చూపించాను.

సార్ మంచాయనే. మూడు కాలేజీల్లో చెప్పేవారు, స్కూటర్ మీద ఒకచోటి నుంచి ఇంకోచోటికి పరుగు. నా పేజీ చూసి ఆయనకి కోపం కంటే ముందు నీరసం వచ్చింది.

"గివేం రీడింగులమ్మా? ఒకదిక్కు నలభై నాలుగు, ఇంకోదిక్కు ఇరవై తొమ్మిదా?"

"వచ్చినయే రాసిన సార్."

"వచ్చినయి రాస్తే మార్కులు రావు. రావాల్సినయి రాయాలె. పేజీ చింపి మళ్ల రాసుకరా. లేకుంటే సంతకం చెయ్య."

రికార్డు మీద సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కి రానివ్వరు. ప్రాక్టికల్స్ లేకపోతే ఆ ఏడాది లేనట్టే. ఈ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. నా గొంతులో మాట ఉంది. సూదే తప్పు చూపిస్తోంది సార్, అని. ఆ బిల్డింగులో దిక్కులు తెలియని వాళ్లు లేరు. యజమాని వాస్తు కోసం పడమటి గుమ్మం గోడ పెట్టి మూయించి, షటర్ సరిగ్గా తూర్పుకి ఉండేలా చేయించాడు. ఆ సంగతి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. షటర్ తూర్పయితే, లోపలి నుంచి చూస్తే దానికి ఎడమ పక్క పొడవాటి గోడ ఉత్తరం. అయస్కాంతం ఏదీ పెట్టకుండా వదిలేసినా సూది ఆ గోడకి తిన్నగా చూడడం లేదు. ఎటో మూలకి చూస్తోంది. ఇదంతా చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నేను "సరే సార్" అన్నాను.

పేజీ చింపాను. తల్లి రికార్డులోంచి ముప్పై ఏడులు, ముప్పై ఎనిమిదులు రాశాను. చివర్లో 'జాగ్రత్తలు' అనే శీర్షిక కింద అందరిలాగే మొదటి జాగ్రత్త కూడా రాశాను: పరికరానికి దగ్గరలో ఇనుప వస్తువులు గానీ ఇతర అయస్కాంతాలు గానీ ఉండరాదు. ఆ వాక్యం చేత్తో రాస్తూ కూడా నాకు వెలగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సార్ మీద కంటే నామీదే ఎక్కువ కోపం వస్తుంది.

వెలిగింది రెండు రోజుల తర్వాత. ల్యాబ్‌లో నా వంతు కాకపోయినా ఒక మూల నిలబడ్డాను. గదిలో షటర్ దగ్గర, పైకప్పు కమ్మీకి గొలుసులతో వేలాడే పెద్ద కాంటా ఉండేది, పసుపు సంచులు తూచేది. దాని బాట్లు, ఇరవై కిలోల ఇనుప దిమ్మలు ఆరు, మా బల్ల పక్కన గోడకి ఆనించి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. మాగ్నెటోమీటర్ నుంచి వాటికి ఒక చేయి చాపినంత దూరం. రోజూ వాటి మీద పుస్తకాల సంచులు పెట్టుకునేవాళ్లం. ఆ రోజు ఒక హమాలీ తూకం వేయడానికి వచ్చాడు. నడివయసు మనిషి, తలకి కండువా, చేతులు మోచేతుల దాకా పసుపు. మొదటి బాటు ఎత్తి కాంటా పళ్లెంలో వేశాడు. నేను సూది వైపు చూస్తున్నాను. అది కొంచెం కదిలింది. రెండో బాటు ఎత్తాడు. ఇంకొంచెం కదిలింది. మూడోది ఎత్తేసరికి సూది ఉత్తరం గోడ వైపు సర్దుకుంటోంది, నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు.

చూసింది నేనొక్కదాన్నే. చుట్టూ పదిహేను మంది ఉన్నారు.

హమాలీ నా మొహం చూశాడు. "ఏంది బిడ్డా గట్ల చూస్తున్నవ్? గదేంది, గడియారమా?"

"కాదు కాకా, దిక్కు చూపెట్టేది."

"దిక్కు తెల్వదా నీకు? గదో, షటర్ దిక్కు తూర్పు. మా సేటు రోజుకు పదిసార్లు చెప్తడు." అని నవ్వి, తూకం అయిపోగానే మూడు బాట్లూ తెచ్చి మళ్లీ మా బల్ల పక్కనే పేర్చాడు. సూది మళ్లీ మూలకి తిరిగిపోయింది.

ఆ రాత్రి డైరీలో ఆ పేజీ మొత్తం బొమ్మలే. బల్ల, బాట్లు, గోడ, సూది. పక్కన పెద్ద అక్షరాలతో: "తప్పు నాది కాదు." మర్నాడు సార్‌కి చెబుదామని వెళ్లాను. స్టాఫ్ రూము గుమ్మం దాకా వెళ్లాను. లోపల సార్ ఒక్కరే కాదు, ఇంకో ఇద్దరున్నారు. నీళ్ల కుండ దగ్గరికి వచ్చినట్టు నటించి నీళ్లు తాగి వచ్చేశాను. దాహం లేకపోయినా అలా ఆ వారంలో నాలుగుసార్లు నీళ్లు తాగాను.

మోర్తాడ్ అమ్మాయికి చెప్పాను. ఆమె శ్రద్ధగానే విన్నది.

"అంటే గా బాట్లు తీస్తే సక్కగొస్తదా?"

"వస్తది."

"మరి తీసెయ్."

తీద్దామని నిజంగానే వెళ్లాను. మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు పై బాటు పట్టుకుని లాగాను. నాలుగు వేళ్లంత జరిగి, ధనామని నేల మీద పడింది. మెట్ల మీద నుంచి అటెండర్ అరిచాడు: "ఎవరే గది? కాళ్ల మీద పడితే దవాఖానకు ఎవరు మోస్తరు?" మాగ్నెటోమీటర్‌నే వేరే బల్ల మీదకి మారుద్దామంటే అది కాలేజీకి ఒక్కటే ఉంది, ముట్టుకోవద్దని ముందే చెప్పారు. మిగిలిన నేలంతా పసుపు సంచులు.

చివరికి హమాలీనే అడిగాను. సార్‌తో రాని మాట ఆయనతో ఎలా వచ్చిందో తెలియదు. బిడ్డా అని పిలిచినందుకేమో.

"కాకా, శనివారం మాకు పరీక్ష. పొద్దుగాల వచ్చి గా బాట్లు జర అవతలి గోడకు పెడ్తవా?"

"ఎందుకు బిడ్డా?"

"సూదికి అడ్డమొస్తున్నయ్."

"ఇన్నేండ్ల నుంచి గీడనే ఉన్నయ్. ఎవ్వలకు అడ్డం రాలే, నీకే వచ్చినయా?" అన్నాడు, కానీ నవ్వుతూ. "పెడ్త తియ్. ఎనిమిదింటికే పెడ్త. ఫికర్ చెయ్యకు."

శనివారం నేను ఏడున్నరకే పెర్కిట్ నుంచి ఆటో ఎక్కాను. ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. షటర్ తెరిచారు. బాట్లు ఆరూ అదే గోడకి, అలాగే ఉన్నాయి. మార్కెట్ యార్డుకి సరుకు ఎక్కువ దిగిందని, హమాలీలందరూ అక్కడే ఉన్నారని అటెండర్ ఎవరితోనో అంటుంటే విన్నాను. తొమ్మిదికి వేరే ఊరి నుంచి ఎక్స్‌టర్నల్ సార్ వచ్చారు. స్కూటర్ మీద వచ్చిన మనిషి. లోపలికి రాగానే హెల్మెట్ ఎక్కడ పెట్టాలా అని చూసి, బాట్ల మీద పెట్టారు.

ప్రయోగాల పేర్లు రాసిన చీటీలు స్టీలు డబ్బాలో వేసి తిప్పారు. మోర్తాడ్ అమ్మాయికి గాజు పట్టకం వచ్చింది. నాకు మాగ్నెటోమీటర్ వచ్చింది. అదే రావాలని మొక్కుకున్నాను, అది రాకూడదనీ మొక్కుకున్నాను.

కొలిచాను. మొదటి చేతి వైపు నలభై నాలుగు. మొదటిసారి వచ్చినట్టే, నమ్మకంగా, నలభై అయిదు, నలభై మూడు, నలభై నాలుగు. రెండో వైపు ఇరవై తొమ్మిది. ఆ ఎనిమిది అంకెలూ జవాబు కాగితం మీద పెన్నుతో వేశాను. పెన్సిల్‌తో కాదు. నోరు చేయలేని పని చేయి చేస్తుందనుకున్నాను.

ఎక్స్‌టర్నల్ సార్ నా దగ్గరికి వచ్చి కాగితం చూడకుండానే అడిగారు. "జాగ్రత్తలు చెప్పమ్మా."

"పరికరానికి దగ్గరలో ఇనుప వస్తువులు గానీ, ఇతర అయస్కాంతాలు గానీ..." నా చూపు బాట్ల మీదికి పోయింది. ఆయన కూడా అటు చూశారు. ఆరు ఇనుప దిమ్మలు, వాటి మీద ఆయన హెల్మెట్.

"ఉండరాదు," అన్నాను. ఆపకుండా, భయం తరుముతుంటే, "గవి ఉన్నయి సార్. గవి తీస్తే సూది తిరుగుతది. నేను చూసిన" అని కూడా అన్నాను. నా జీవితంలో ఒక సార్‌తో నేను అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

మా సార్ పక్క బల్ల దగ్గర నుంచి గబగబా వచ్చారు. "జర భయపడ్డది సార్. మంచిగనే చదువుతది."

ఎక్స్‌టర్నల్ సార్ చేత్తో ఆయన్ని ఆపారు. కాసేపు సూదినీ, బాట్లనీ మార్చి మార్చి చూశారు. ఆయన అర్థం చేసుకున్నారు. అది మొహంలోనే తెలిసిపోయింది.

"నిజమేనమ్మా," అన్నారు మెల్లగా. "నిన్న ఒక దగ్గర బీరువ పక్కన పెట్టిండ్రు. మొన్న ఒక దగ్గర కిటికి చువ్వల కింద. నేనెక్కడెక్కడని జరపాలె? ఇయ్యాల ఇంక ముప్పై మందిని చూడాలె నేను." కాగితం మీద నా ఎనిమిది అంకెల దగ్గర వేలు పెట్టారు. "ఇవి కొట్టేసి, రికార్డుల ఎట్లున్నయో గట్ల ఎయ్యి. లెక్క కలువాలె."

"మరి ఇవి నిజమైనవి సార్," అన్నాను.

"నిజమే. కొట్టెయ్యి."

తెలియని మనిషి కొట్టేయమంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మా సార్‌కి తెలియదు, ఆయనని క్షమించడం తేలిక. ఈయన చూశారు, నా మాట ఒప్పుకున్నారు, అయినా కొట్టేయమన్నారు. నేను కొట్టేశాను. ఒక్కో అంకె మీద ఒక్కో గీత, స్కేలు పెట్టి, నీటుగా. కింద ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై ఏడు అని రాశాను. చూడకుండానే రాశాను. తల్లి రికార్డు మొత్తం నాకు కంఠతా వచ్చు. ఆయన టిక్కు పెట్టి తర్వాతి అమ్మాయి దగ్గరికి వెళ్లారు. తర్వాత మెమోలో ముప్పైకి ముప్పై వచ్చాయి. మోర్తాడ్ అమ్మాయికి ఇరవై ఎనిమిది. "పట్టకం నిజంగ చేసిన, గందుకే రెండు పోయినయ్" అని ఆమె అందరికీ చెప్పుకుని నవ్వించింది.

పరీక్ష రెండింటికి అయిపోయింది. ఎక్స్‌టర్నల్ సార్ బాట్ల మీది హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయారు. అటెండర్ మాగ్నెటోమీటర్‌ని చెక్కపెట్టెలో పెట్టి, మూత వేసి, మేడ మీది బీరువాలోకి పట్టుకుపోయాడు. నేను చెప్పుల కోసం షటర్ దగ్గర వెతుక్కుంటుంటే హమాలీ వచ్చాడు. చెమటలు కారుతున్నాయి, కండువా అంతా పసుపు.

"అయ్యో బిడ్డా, పొద్దుగాల యార్డుల ఇరుక్కపోయిన. కాలేదా ఇంక పరీక్ష? ఉండు, ఉండు."

నేను ఏదో అనేలోపే బాట్లు ఎత్తడం మొదలుపెట్టాడు. ఒక్కో చేతికి ఒకటి. మూడు సార్లు తిరిగి ఆరింటినీ అవతలి గోడకి, సంచుల వెనక పేర్చాడు. ఖాళీ బల్ల వైపు ఆయన చూడలేదు. చూసినా, పెట్టెలో పెట్టేశారని ఆయనకేం తెలుసు? చేతులు దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఇగో, తీసేసిన. సక్కగ చూపెడ్తదా ఇప్పుడు?"

గోడ దగ్గర బాట్లు ఉన్న చోట నేల మీద ఒక నల్లటి చదరం మిగిలింది, దాని చుట్టూ పసుపు. నేను దాన్నే చూస్తున్నాను. నిజం చెబితే ఈ మనిషి మోసిందంతా వృథా అవుతుంది.

"చూపెడ్తది కాకా," అన్నాను.

"మరి? ముందుగాలనే చెప్తే ఎప్పుడో జరుపుదును," అని ఆయన సంతోషంగా కండువా విదిలించాడు. పసుపు మా ఇద్దరి మధ్య లేచింది. నేను తుమ్ముతూ చెప్పులు వేసుకుని ఆటో స్టాండు వైపు నడిచాను.